నూనె గిట్టని పిన్ను

గద్వాలలో ఎవరైనా "మీ బిడ్డ ఏం నౌకరి చేస్తది?" అని అడిగితే మా అమ్మ చాలా రోజులు "వనపర్తిల ఏదో రుద్దుతదంట" అని చెప్పేది. అడిగినవాళ్లు పాపం అనుకుని ఇంకేమీ అడిగేవాళ్లు కాదు. ఇంజినీరింగ్, ఆపైన ఇంకో చదువు చదివించిన కూతురు చివరికి అంట్లు రుద్దే పనికి కుదిరిందని మా వీధిలో కొన్నాళ్లు గట్టి నమ్మకం ఉండేది. నాకు కోపమొచ్చి ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మను కూర్చోబెట్టి అంతా వివరించాను. ఆమె ఓపిగ్గా విని, "అంటే రుద్దుడే గదనే," అంది.

నిజానికి ఆమె తప్పేమీ అనలేదు. మా దగ్గర పెళ్లిళ్లలో బిర్యానీ వండే దేగిశ అంత ఉక్కు డబ్బా ఒకటుంది. దానికి మూత బిగించి, పంపు పెట్టి, లోపలి గాలంతా లాగేస్తాం. లోపల ఒక ఇనుప పళ్లెం తిరుగుతుంటుంది. దాని మీద వేలి కణుపంత పిన్నును నొక్కి పెడతాం. పళ్లెం లక్షల చుట్లు తిరుగుతుంది. పిన్ను ఎంత పట్టేస్తోంది, ఎంత అరుగుతోంది అని మేం చూసి రాసుకుంటాం. నా ఉద్యోగం ఇదే.

ఎందుకంటే ఆకాశంలోకి వెళ్లే యంత్రాలకూ కీళ్లుంటాయి. పైకి వెళ్లాక వాటి రెక్కలు విచ్చుకోవాలి, కెమెరా మెడ తిప్పాలి. భూమ్మీద ఏ కీలైనా పట్టేస్తే ఇంత నూనె వేస్తాం, అయిపోతుంది. గాలి లేని చోట నూనె నిలవదు. కాలిన పెనం మీద చల్లిన నీళ్లలాగా లేచిపోయి, పోయి పోయి కెమెరా అద్దం మీదే కూర్చుంటుంది. అందుకే అక్కడ నూనె లేకుండా తనంతట తానే జారే సరుకు కావాలి. కొన్ని కీళ్లకు మాలిబ్డినం కలిసిన నల్లటి పొడి పూత పూస్తారు. కొన్నిటిని అలాంటి పొడి కలిపిన జారుడు ప్లాస్టిక్‌తో చేస్తారు. ఆ నల్ల పూత స్వభావం విచిత్రంగా ఉంటుంది. చెమ్మగాలి తగిలితే మొరాయిస్తుంది, గాలి మొత్తం తీసేస్తే హాయిగా జారుతుంది. అలాంటి మనుషులు కూడా నాకు ఇద్దరు ముగ్గురు తెలుసు.

మా షెడ్డు వనపర్తి పొలిమేరలో పెద్దమందడి వెళ్లే దారిలో ఉంటుంది. దాని పక్కనే పల్లీ నూనె మిల్లు. నూనె చుక్క తగలకూడని పనిని తెచ్చి నూనె మిల్లు గోడకు ఎందుకు ఆనించారని చేరిన రోజే మా సార్‌ను అడిగాను. సార్ అంటే కంపెనీ యజమాని. హైదరాబాదులో ఉంటాడు, నెలకోసారి వస్తాడు. "మిల్లు లైన్ల కరెంటు పోదమ్మా," అన్నాడు. ఆ మాట నిజమే. కరెంటు పోకపోగా, పల్లీలు వేపే రోజుల్లో పదకొండు గంటలకల్లా మాకు ఆకలి దంచేసేది.

అక్కడ పనిచేసేది ఇద్దరం, నేనూ చాచా. చాచా నాగర్‌కర్నూల్‌లో ఒక బస్సుల గ్యారేజీలో ముప్పై ఏళ్లు మెకానిక్‌గా చేసి, ఇక చాలని సొంతూరు పెబ్బేరు వచ్చిన మనిషి. మా డబ్బా మూతకు ఇరవై నాలుగు బోల్టులుంటాయి. అన్నీ ఒకే బిగువున పడకపోతే గాలి దూరుతుంది. పానా పట్టుకుని, కళ్లు మూసుకుని, ఇరవై నాలుగింటినీ ఒకే తీరున బిగించే చెయ్యి ఈ మూడు జిల్లాల్లో మాకు ఆయనదొక్కటే దొరికింది. కనబడిన ప్రతి కీలులో గ్రీజు కూరుతూ బతికిన మనిషికి గ్రీజు పేరెత్తకూడని నౌకరి వచ్చింది. మొదటి నెలంతా బోల్టులను ఎండుగా బిగించడానికి ఆయనకు ప్రాణం ఒప్పేది కాదు. "మొత్తుకుంటున్నయి మేడం, జర ఒక్క సుక్క ఏస్త," అని బతిమాలేవాడు. నేను కళ్లెర్రజేస్తే ఊరుకునేవాడు.

తర్వాత ఆ పనే ఆయనకు లోకమైపోయింది. ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోందని వచ్చిన మనిషి, మెడలో కంపెనీ కార్డు తియ్యడం మానేశాడు. నమాజుకు కార్డుతోనే వెళ్లేవాడు, సంతకు కార్డుతోనే, పెళ్లిళ్లకూ కార్డుతోనే. పెబ్బేరులో టీ హోటల్ దగ్గర కూర్చుని, "ఆస్మాన్ల తిరిగే కీలు నా చేతుల మీదికెల్లే పోతది, తెల్సా?" అనేవాడట. జనం ఆయన్ను 'ఆస్మాన్ చాచా', అంటే ఆకాశం చాచా, అనడం మొదలుపెట్టారు. ఎగతాళికే అన్నారు. ఆయన మాత్రం దాన్ని బిరుదుగానే పుచ్చుకున్నాడు. ఆ కార్డు లేకపోతే తను మళ్లీ అరుగు మీద కూర్చునే ముసలివాడినేనని నాతో ఒకసారి అన్నాడు కూడా.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఒక పెద్ద కంపెనీ నుంచి పది పిన్నులున్న పెట్టె వచ్చింది. కొత్త రకం పూత. పది పిన్నులకు పది పరీక్షలు. డబ్బా లోపల గాలి వాళ్లు చెప్పిన అంకె దాకా తగ్గాకే పళ్లెం తిప్పాలి. ఒకసారి లోపల పెట్టి తీసిన పిన్నును మళ్లీ వాడకూడదు. అప్పటిదాకా మేం చేసిన పనుల్లో ఎవరూ అంత కింది అంకె అడగలేదు. నేను పొంగిపోయాను. మనల్ని నమ్మి పంపారని చాచాతో అంటే, ఆయన ఆ రోజు పెట్టెకు సలాం చేసి మరీ మూత తీశాడు.

మొదటి పిన్ను పెట్టి పంపు వేశాం. మీటరు మీద అంకె దిగుతూ దిగుతూ వచ్చి ఒకచోట కూర్చుంది. మూడు రోజులు చూశాం, అది కిందికి కదల్లేదు. రెండో పిన్నుకూ అక్కడే కూర్చుంది. మూడోదానికి డబ్బాను బయటినుంచి వేడి చేసి చూశాం, నాలుగోదానికి పంపు మార్చి చూశాం. ఒక్కో పిన్ను పాడైనప్పుడల్లా చాచా దాన్ని దూదిలో చుట్టి, మయ్యత్తును గోరీలో పెట్టినంత మెల్లగా పక్క డబ్బాలో పెట్టేవాడు. నాకేమో తల ప్రాణం తోకకొచ్చింది.

ఎక్కడో సందుండి గాలి దూరుతోందని నా అనుమానం. లీకు పట్టే యంత్రాన్ని సార్ హైదరాబాదు నుంచి అరువు తెచ్చాడు. దానితో పని ఏమిటంటే, బయటినుంచి ప్రతి బోల్టు దగ్గరా హీలియం గ్యాసు వదలాలి. సందుంటే గ్యాసు లోపలికి పోతుంది, యంత్రం కుయ్యిమంటుంది. యంత్రం అయితే వచ్చింది కానీ గ్యాసు రాలేదు. వనపర్తిలో హీలియం ఉండేది పుట్టినరోజులకు బెలూన్లు కట్టే షాపులో.

"పాపదా బాబుదా మేడం, బర్త్‌డే?" అన్నాడు షాపతను.

"డబ్బాది," అన్నాను. నాకు చిరాకుగా ఉంది.

"ఎన్నోది?" అన్నాడు పుస్తకంలో రాసుకుంటూ.

సిలిండర్‌ను చేతికివ్వనన్నాడు. డెకరేషన్‌తో కలిపే ఇస్తాడట. మర్నాడు పొద్దున మనిషి వచ్చి మా షెడ్డు గేటుకు బెలూన్ల కమాను కట్టి, గ్యాసు నింపిన బెలూన్లు ఓ నలభై లోపల వదిలేసి, సిలిండర్ తీసుకుని వెళ్లిపోయాడు. ఇక చేసేదేముంది. నీలం గౌన్లు, టోపీలు, గ్లోవ్స్ వేసుకుని, నేను యంత్రం ముందు కూర్చున్నాను. చాచా గులాబీ రంగు బెలూన్ మెడ పట్టుకుని ఒక్కో బోల్టు దగ్గర ఇంతింత గ్యాసు వదులుతూ డబ్బా చుట్టూ తిరిగాడు. మధ్యలో బెలూన్ జారి గ్యాసంతా ఆయన మొహం మీదికి పోయింది. మనిషి చలించలేదు. ఆ గ్యాసు పీల్చడంతో సన్నబడిన పిట్ట గొంతుతో, ఎంతో గంభీరంగా, "పదమూడో బోల్టు సాఫ్ మేడం," అని రిపోర్టు ఇచ్చాడు. నేను నేల మీద చతికిలబడి నవ్వాను. ఆయన అదే పిట్ట గొంతుతో "పద్నాల్గు గూడ సాఫ్," అన్నాడు. ఆ షెడ్డులో అంతగా నవ్వుకున్న రోజు ఇంకోటి లేదు.

లీకు ఎక్కడా లేదు. ఐదో పిన్ను తీసేటప్పుడు డబ్బాకున్న చిన్న అద్దం మసకగా కనిపించింది. తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ పసుప్పచ్చగా వచ్చింది. వేలికి జిడ్డుగా తగిలింది. అంటే గాలి బయటినుంచి రావడం లేదు. లోపలే నూనె ఉంది, అది ఆవిరవుతోంది, అది అయిపోయేదాకా అంకె దిగదు. నూనె వద్దని మేం చేసే పరీక్షలో నూనె ఎక్కణ్ణించి వచ్చింది?

ఆ సాయంత్రమే బోర్డు రాయించి గేటుకు తగిలించాను. 'ఇక్కడ నూనె నిషేధం. మెషిన్ నూనె, గ్రీజు, వంట నూనె, పచ్చళ్లు, బజ్జీలు, చేతులకు రాసే క్రీములు లోపలికి రాకూడదు' అని పెద్ద అక్షరాలు. మర్నాడు నూనె మిల్లు వాళ్లు ఆరుగురు వచ్చి గేటు ముందు నిలబడ్డారు. "మా మిల్లు మీద ఏం పగ పట్టిండ్రు? మా గిరాకి చెడగొట్టనీకి పెట్టిండ్రా బోర్డు?" అని ఒకటే లొల్లి. వాళ్లకు ఆకాశం, కీళ్లు, ఆవిరి అన్నీ చెప్పేసరికి గంట పట్టింది. చివరికి వాళ్లలో పెద్దాయన, "గట్లయితె మా నూనె వాడుండ్రి, ఆవిరి కాదు, గానుగ నూనె," అని సీసా ఒకటి ఇచ్చి వెళ్లాడు. ఆ మధ్యాహ్నం ఎవరో పెద్దావిడ బోర్డు చదివించుకుని లోపలికొచ్చి, "గుండెకేనా బిడ్డా, షుగర్‌కు గూడ చూస్తరా?" అని అడిగింది.

బోర్డును మనసారా పాటించింది చాచా ఒక్కడే. రెండు వారాలు ఇంట్లో ఉడకబెట్టిన కూరలే తిన్నాడు. నేను అంత దూరం చెప్పలేదు. మేనల్లుడి పెళ్లి దావత్‌కు వెళ్లి ఉత్తన్నంలో పెరుగు కలుపుకుని తిని వచ్చానని చెప్పాడు. "అందరు నవ్విండ్రు మేడం. ఆస్మాన్‌కు పోయేటోళ్లకు గింత పరహేజ్, పత్తెం ఉంటదని చెప్పిన," అన్నాడు. అయినా ఆరో పిన్నుకూ ఏడో పిన్నుకూ అంకె అక్కడే కూర్చుంది.

నాకు కోపం ముందొస్తుంది, ఆలోచన దాని వెనక తీరుబడిగా వస్తుంది. ఏడో పిన్ను పోయిన రోజు సార్ హైదరాబాదు నుంచి వచ్చి ఉన్నాడు. కారణం రాసివ్వండి, లేకపోతే మిగిలిన మూడూ వాపసు పంపండని ఆ పెద్ద కంపెనీ నుంచి కాగితం వచ్చిందట. "కారణం కావాలమ్మా," అన్నాడు సార్. "ఏదో ఒకటి కాదు, అసలుది."

నేను చాచా వైపు తిరిగాను. "చాచా, మీరు గ్లోవ్స్ ఎప్పుడన్న తీసిండ్రా?"

ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. "మూడో పిన్నప్పుడు ఒక్కసారి తీసిన మేడం. సన్న స్క్రూ చేతికి అందలే. మల్ల ఏసుకున్న."

అంతే. నాకు అన్నీ కుదిరిపోయినట్టు అనిపించింది. ముప్పై ఏళ్లు గ్రీజులో నానిన చేతులు. సబ్బుతో కడిగితే పోయే నూనెనా అది! చర్మంలోకి ఇంకి ఉంటుంది, ఆ చేతులు గ్లోవ్స్ లోంచి కూడా చెమరుస్తాయి, అదే పిన్నుకు అంటుతోంది. ఇదంతా నేను సార్‌కు, చాచా ముందే, పాఠం చెప్పినట్టు చెప్పాను. చివర్లో "కారణం చాచా చేతులు," అన్నాను. ఈ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు రోత పుడుతుంది.

చాచా రెండు చేతులూ ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. సార్ నెమ్మదిగానే, "రేపటి సంది రావద్దు చాచా, ఏమనుకోకు," అన్నాడు. చాచా మెడలో కార్డు తీసి, దాని దారం చక్కగా చుట్టి, బల్ల మీద పెట్టాడు. టోపీ, గౌను మడిచి కార్డు పక్కన పెట్టాడు. "సరే," అన్నాడు. గేటు దగ్గర ఇంకా గాలి పోని బెలూన్లు నాలుగు వేలాడుతున్నాయి, వాటి కిందనుంచి వంగి వెళ్లిపోయాడు. సార్ ఆ రోజే 'సహాయకుడి చేతి నూనె' అని కారణం రాసి పంపించాడు. తర్వాత పెబ్బేరు నుంచి కూరగాయలు తెచ్చే ఆమె చెప్పగా విన్నాను. టీ హోటల్ దగ్గర ఆయన్ను ఇప్పుడు 'నూనె చాచా' అంటున్నారట, ఆయన అటువైపు రావడం మానేశాడట.

ఎనిమిదో పిన్ను నేనొక్కదాన్నే బిగించాను. ఇరవై నాలుగు బోల్టులు బిగించేసరికి భుజాలు పడిపోయాయి. పంపు వేశాను. అంకె వచ్చి సరిగ్గా పాత చోటే కూర్చుంది. అప్పుడైనా నాకు బుద్ధి రావాలి కదా. రాలేదు. చాచా చేతి నూనె డబ్బా గోడలకు పట్టేసిందని, మనిషి పోయినా ఆయన నూనె పోలేదని సార్‌కు ఫోన్‌లో చెప్పాను. డబ్బా అంతా రెండు రోజులు కడిగాను. ఆ రెండు రోజులూ ఆయన్ను తిట్టుకుంటూనే కడిగాను.

అంతలో పెద్ద కంపెనీ వాళ్లు రుజువు అడిగారు. మేం పిన్ను బిగించే ప్రతిసారీ వీడియో తియ్యాలన్నది రూలు. తీస్తాం కానీ ఎవరూ చూడరు. చాచా చెయ్యి ఎక్కడెక్కడ తగిలిందో పట్టి, ఆ ముక్కలు కోసి పంపుదామని కూర్చున్నాను. పెన్ను, కాగితం కూడా పెట్టుకున్నాను.

మొదటి వీడియోలో చాచా పెట్టెలోంచి పిన్నును చిమటాతో తీసి, పువ్వు అందించినట్టు నాకు అందించాడు. నేను గ్లోవ్ వేసుకున్న చేత్తో అందుకున్నాను. అందుకున్న చెయ్యి మూత వైపు వెళ్లకుండా పైకి లేచింది. కుడి చెవి పైన, టోపీ అంచు కింద బయటికొచ్చిన జుట్టు మీద పిన్నును ఒక్కసారి అలా రాసింది. తర్వాత లోపల బిగించింది. కళ్లు మాత్రం డబ్బానే చూస్తున్నాయి.

వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. మళ్లీ రాసింది. రెండో వీడియో పెట్టాను. అందులోనూ రాసింది. ఏడింటిలో ఏడుసార్లు, ఒక్కసారి కూడా మర్చిపోలేదు. చాచా లేని ఎనిమిదో వీడియోలో, ఆ రోజు కంగారు ఎక్కువగా ఉందేమో, రెండుసార్లు రాశాను.

మాది మగ్గం ఇల్లు. నాన్న గుంట మగ్గంలో కూర్చుని నేసేటప్పుడు, దారం కండెను అటూ ఇటూ మోసే కర్ర నాడె దారాల మధ్య పట్టకుండా సాఫీగా పోవాలని అప్పుడప్పుడు దాన్ని నెత్తికి రాసేవాడు. ఎండిన కర్రకు తల నూనె అంటితే నాడె సర్రున పోతుంది. మా వీధిలో అందరూ అంతే చేసేవాళ్లు. పక్కన కూర్చుని కండెలు చుట్టిన నాకూ ఆ అలవాటు వచ్చింది. సూదైనా, పిన్నీసైనా, బట్టల బ్యాగు జిప్పైనా చేతికి రాగానే ఒకసారి నెత్తికి వెళ్లొస్తుంది. రోజూ పొద్దున ఇంత కొబ్బరినూనె తలకు పెట్టనిదే నేను గడప దాటను. బోర్డు మీద బజ్జీలు రాశాను, క్రీములు రాశాను, టోపీ ఉంది కదా అని తల సంగతి రాయలేదు. గద్వాలకు ఫోన్ చేసి అమ్మను అడిగితే, "నీకిప్పుడు తెల్సిందా? చిన్నప్పటి సంది గంతే. సైకిల్ తాళంచెవి గూడ నెత్తికి రాస్తుంటివి," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

సార్‌కు వీడియోలు పంపించి, కారణం నేనని చెప్పాను. ఆయన అటునుంచి పగలబడి నవ్వాడు. తొమ్మిదో పిన్నును మళ్లీ నేనే పెట్టాలి, వేరే మనిషి లేడు. కుంకుడుకాయలతో మూడుసార్లు తలంటుకున్నాను. చున్నీ చుట్టుకున్నాను. అయినా నమ్మకం కుదరక, దాని మీద స్కూటర్ హెల్మెట్ పెట్టుకుని క్లిప్పు బిగించాను. పిన్ను చేతికి తీసుకున్నాను. అన్నీ తెలిసి, ఆ ఒక్క సంగతి మీదే మనసు పెట్టి కూర్చున్నాను. అయినా చెయ్యి లేచింది. వేళ్లు హెల్మెట్‌కు టక్కుమని తగిలాయి. పిన్ను తగలకుండా ఎలాగో ఆపుకున్నాను.

ఆ పిన్నుకు అంకె దిగింది. ఇన్నాళ్లూ కూర్చున్న చోట ఆగకుండా, వాళ్లు చెప్పినదానికన్నా ఇంకా కిందికి దిగింది. పళ్లెం లక్షల చుట్లు తిరిగింది, పూత చెక్కు చెదరలేదు. నల్ల పూత అంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను. ఎంత ఎండుగా ఉందో అంత నున్నగా తిరిగింది. సార్ ఫోన్‌లో శభాష్ అన్నాడు. ముందు పంపిన కారణం తప్పని రాసి, చాచా మాట తీసేసి నా పేరు రాయమన్నాను. "ఎవరిదైతే ఏందమ్మా, నూనె నూనెనే గదా," అన్నాడు. నేను గొడవపడ్డాను. చివరికి రాశాడు. చాచాను మళ్లీ పిలవడానికి కూడా ఒప్పుకున్నాడు. బల్ల సొరుగులోంచి ఆయన కార్డు తీసి నా బ్యాగులో పెట్టుకున్నాను.

పెబ్బేరులో అది సంత రోజు. ఎడ్లను, ఆవులను దాటుకుని, పేడలో కాలు వేసి, అడిగిన ప్రతివాడూ "నూనె చాచానా?" అంటుంటే తల దించుకుని తిరిగాను. సంత చివర చెరుకు రసం బండి దగ్గర కనిపించాడు. మిషన్ ఆగిపోయినట్టుంది. పక్క మూత తీసి, లోపలి పళ్లచక్రాలకు గ్రీజు పెడుతున్నాడు. నన్ను చూసి, "ఆవ్ బేటీ," అన్నాడు. మెడలో కార్డు లేని రోజు నుంచి నేను ఆయనకు మేడం కాదు కాబోలు. బండివాడితో నాకు రసం ఇమ్మన్నాడు, మిషన్ నడవడం లేదని అంతలోనే గుర్తొచ్చి ఊరుకున్నాడు.

నిలబడే చెప్పాను. వీడియోలు, మా నాన్న నాడె, హెల్మెట్, అన్నీ. బండివాడు కూడా వింటున్నాడు, విననీ అనుకున్నాను. "తప్పు నాది చాచా. మీ చేతులది కాదు," అన్నాను.

చాచా తలెత్తకుండా, "తెల్సు," అన్నాడు.

"ఏం తెల్సు?"

"నువ్వు పిన్ను నెత్తికి రాస్తవని. మొదటి దినం సందే చూస్తున్న."

"మరి చెప్పలేదేంది చాచా?"

"గది టెస్టుల భాగమనుకున్న. ఒక దిక్కు నూనె వద్దంటరు, ఒక దిక్కు నెత్తికి రాస్తరు. పెద్ద సదువు, నాకేం ఎరుక? నువ్వు గంత నియ్యత్‌గ, ఒక్కసారి గూడ మర్సిపోకుండ రాస్తుంటె, గదే అసలు పని అనుకున్న." తల మీది తెల్లటోపీని మోచేత్తో వెనక్కి నెట్టాడు. ఆయన తల మీద ఒక్క వెంట్రుక లేదు. "నన్ను పిన్ను పెట్టమంటవేమోనని గుబులుండె. గీ నెత్తికి ఏం రాయాలె?"

బండివాడు ముందు నవ్వాడు. నేనూ నవ్వాను, ఏడుపు కూడా వచ్చింది. చాచా కూడా నవ్వాడు.

"నా నోటితోని తప్పు మీ మీద ఏసిన రోజన్న చెప్పాలె గదా," అన్నాను.

"ఆ దినం నువ్వు నన్ను ఏమడిగినవ్? గ్లోవ్స్ తీసినవా అని అడిగినవ్. తీసిన గనక తీసిననని చెప్పిన. చాచా, నీకేమన్న కనవడ్డదా అని అడిగినవా?" గొంతులో కోపం లేదు. బోల్టు బిగువు చెప్పినట్టే చెప్పాడు.

బ్యాగులోంచి కార్డు తీసి చూపించాను. సార్ ఒప్పుకున్నాడని, కాగితం మార్చామని, ఇంకో పిన్ను మిగిలిందని, ఇరవై నాలుగు బోల్టులు నా వల్ల కావడం లేదని చెప్పాను. ఆయన కార్డునే చూస్తూ, "తొమ్మిదోది ఎన్ని చుట్లు తిరిగె?" అన్నాడు. చెప్పాను. "యా అల్లా," అన్నాడు. కళ్లు మెరిశాయి. ఒక్క క్షణం వస్తాడనే అనుకున్నాను.

"రాను బేటీ," అన్నాడు.

"ఎందుకు చాచా?"

"రేపు గా గదిల మల్ల ఏదన్న ఖరాబైతది. మిషిన్లు గదా, అయితది. అప్పుడు మొదాలు ఎవని చేతుల దిక్కు చూస్తవ్?"

మీ చేతుల దిక్కు చూడనని చెప్పబోయాను. ఆయన చేతులు మిషన్ లోపల పళ్లచక్రాల మధ్య ఉన్నాయి, మోచేతుల దాకా నల్లగా. నేను అప్పటికే వాటినే చూస్తున్నాను.